బడి కప్పు మీది వాన కూడా పాఠమే

పెద్ద అంబర్‌పేట్: విజయవాడ రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే ఈ ఊళ్లో ఒకప్పటి చేలు చాలావరకు ప్లాట్లయ్యాయి. నాగలి సాలు చూడని పిల్లలు బడికి వస్తున్నారు. నీళ్లు ఎక్కడివంటే ట్యాంకరువని చెప్పే రోజులివి. నేల విలువ, నీటి విలువ ఇంటి దగ్గర నేర్చుకునే వీలు తగ్గింది. ఆ పని ఇక బడే చేయాలి.

పర్యావరణాన్ని పాఠశాలల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పుస్తకాల్లో పాఠాలు వచ్చాయి. కాని జవాబులు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటే బావి ఊరదు. చేత్తో చేసిన పనే పిల్లలకు గుర్తుంటుంది.

లెక్క ఇదీ

చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంటే 100 చదరపు మీటర్ల బడి కప్పు మీద పడేది 80 వేల లీటర్లు. అందులో అయిదో వంతు వృథా పోయినా 64 వేల లీటర్లు మిగులుతుంది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు పదమూడు! పిల్లలే టేపు పట్టి కప్పు కొలిచి ఈ లెక్క కట్టవచ్చు. ఆ నీటిని గొట్టంతో ఇంకుడు గుంతకు మళ్లిస్తే లెక్కలు, సైన్సు ఒకేసారి వస్తాయి.

మదనపల్లె దారి

పనితో చదువు చెప్పడం మన తెలుగు నేలకు కొత్త కాదు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ వారు 1980లలో చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు తెరిచారు. అక్కడ వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. పుస్తకాలకు బదులు కార్డులు తీసుకుని ఎవరి వేగాన వారు నేర్చుకుంటారు. బడి ఆవరణలో చెట్లూ పెంచారు. తరువాత తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలు కూడా ఈ కార్డుల పద్ధతిని అందుకున్నాయి.

వేసవిలో ఎవరు చూడాలి?

వానాకాలంలో నాటిన మొక్కకు అసలు పరీక్ష వేసవి సెలవుల్లోనే. బడికి తాళం పడితే నీళ్లు పోసే దిక్కుండదు, మేకలు మేసి పోతాయి. ఒక్కో మొక్కను ఒక్కో ఇంటికి అప్పగిస్తే ఈ చిక్కు తీరుతుంది. ఊళ్లో సేద్యం తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. నెలకోసారి వారిని బడికి పిలిచి విత్తనం ఎంపిక, ఎరువు తయారీ పిల్లలకు చూపించాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు. ఉపాధ్యాయులు పూనుకోవాలి, తల్లిదండ్రులు తోడు నిలవాలి. ఈ వానాకాలానికే మొదలుపెడితే మేలు.