మీకు తెలుసా? తార్నాకలో ఎందరుంటారో!

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ‘స్టేట్ కాలేజ్’ అనే ఊరుంది. నిజంగా ఊరి పేరే అది. అలాంటి చిన్న పట్టణాన్ని అక్కడ బరో అంటారు. 2020 జనాభా లెక్కల్లో 40,501 మంది తేలారు. వాళ్లలో ఎక్కువమంది పెన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులే. సెలవులిస్తే ఊరు సగం ఖాళీ!

మనకు అలాంటిది హైదరాబాద్‌లోని ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్, దాన్ని ఆనుకున్న తార్నాక. ఇక్కడికి జనం వచ్చింది చాలావరకు అడ్మిషన్ కోసమో, ఉద్యోగం ఆర్డరు చేతబట్టుకునో. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ ఒకవైపు. 1944లో మొదలై ఇప్పుడు ఐఐసీటీగా ఉన్న రసాయన పరిశోధనశాల ఇంకోవైపు. హబ్సిగూడ వైపు వెళితే జీవశాస్త్ర పరిశోధనల సీసీఎంబీ, 1961 నాటి భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ. ఫిట్టరు, సైంటిస్టు, లెక్చరరు పొద్దున ఒకే కిరాణా కొట్టు ముందు నిలబడే పేటలు నగరంలో ఇంకెన్ని ఉన్నాయి?

జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది ఇక్కడ కాదు, నీలగిరి కొండల్లోని కూనూరులో, 1918లో. ఉస్మానియా పుట్టిందీ ఆ ఏడాదే. ఆ సంస్థ 1958లో హైదరాబాద్ తరలివచ్చి తన ఈడు యూనివర్సిటీ పక్కనే స్థిరపడింది. నేటి ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ, మొదలైందీ 1958లోనే. పాతవాళ్ల నోట అదింకా ‘సీఫెల్’. 1948 దాకా ఉస్మానియా పాఠాలు ఉర్దూలో నడిచిన ఈ ప్రాంతంలో ఇప్పుడు ఫ్రెంచి, జర్మన్, రష్యన్ కూడా వినిపిస్తాయి.

తార్నాక, హబ్సిగూడల్లో ఇంటి గుర్తు అడిగితే స్ట్రీట్ నంబరు చెబుతారు. ఈ పద్ధతి మాత్రం అచ్చం అమెరికాదే.

క్యాంపస్ అంచునే మాణికేశ్వరీ నగర్ ఉంది. వాడుకలో వడ్డెర బస్తీ. రాయి కొట్టడం కులవృత్తిగా బతికినవాళ్ల పేట. ఆర్ట్స్ కాలేజీ గ్రానైట్ భవనాన్ని, 1939లో దాన్ని ప్రారంభించిన నిజాంను పొగుడుతూ ఎన్నో వ్యాసాలొచ్చాయి. గోడ అవతలి బస్తీ ఊసు వాటిలో అరుదు.

ఇక లెక్కకు అందని జనం సంగతి. మన జనగణనలో హాస్టల్‌ను ‘సంస్థాగత కుటుంబం’గా రాసుకుంటారు. బాగానే ఉంది. కానీ ఉస్మానియా హాస్టళ్లలో ‘నాన్‌బోర్డర్’ అనే మనిషి ఉంటాడు. గది స్నేహితుడి పేరు మీద ఉంటుంది. మంచాల మధ్య ఖాళీలో చాప ఇతనిది. పగలంతా చెట్టు కిందో, లైబ్రరీలోనో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల పుస్తకాలు. కోర్సు ఎప్పుడో అయిపోయింది, ఊరికి పోవడానికి మొహం చెల్లదు. వార్డెన్ రిజిస్టర్‌లో ఇతని పేరుండదు. మరి తార్నాక చుట్టుపక్కల జనం ఎంత? ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందో లేదో కనుక్కుని చెప్పాల్సిన లెక్క అది.

చూసి రావాలనుకుంటే సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ రైలు ఎక్కండి. సీతాఫల్‌మండి దాటగానే వచ్చే స్టేషన్ పేరు ‘ఆర్ట్స్ కాలేజ్’. ఆ తర్వాతది ‘జామై ఉస్మానియా’. ఒక్క యూనివర్సిటీకి రెండు రైల్వే స్టేషన్లు!