నొప్పి పోయినా మాత్ర మానవద్దు

రాత్రి బాగానే పడుకున్న మనిషికి తెల్లవారుజామున కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పుడుతుంది. గౌట్ తరచుగా ఇలాగే మొదలవుతుంది. రక్తంలో యూరిక్ ఆసిడ్ ఎక్కువై, సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్ళలో పేరుకోవడమే దీనికి కారణం.

నొప్పి మాత్రలతో వారం, పది రోజుల్లో వాపు దిగిపోతుంది. "తగ్గిపోయింది కదా" అని చాలామంది మళ్ళీ మా వద్దకు రారు. కాని స్ఫటికాలు కీళ్ళలోనే ఉంటాయి. నొప్పి వచ్చినప్పుడల్లా షాపులో మాత్రలు కొని మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

చిక్కటి ఉప్పునీటి అడుగున మిగిలిన ఉప్పు, మంచినీళ్ళు కలిపితే కరుగుతుంది. అలాగే రక్తంలో యూరిక్ ఆసిడ్‌ను డెసిలీటరుకు 6 మి.గ్రా. కంటే తక్కువలో ఉంచితే పాత స్ఫటికాలు మెల్లగా కరుగుతాయి. ఇందుకు అల్లోప్యూరినాల్‌ను రోజుకు 100 మి.గ్రా. లేక అంతకన్నా తక్కువతో మొదలుపెట్టి, రక్తపరీక్ష చూస్తూ పెంచుతాము. మొదటి నెలల్లో నొప్పి తిరగబెట్టవచ్చు. అందుకే 3 నుండి 6 నెలలు చిన్న మోతాదులో కొల్చిసిన్ కూడా ఇస్తాము. భయపడి మానవద్దు. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం అల్లోప్యూరినాల్ ఆపి వెంటనే డాక్టరును కలవండి.

కల్లు, బీరు మానండి. మాంసం, కార్జం, తీపి కూల్‌డ్రింకులు తగ్గించండి. అయితే చాలామందికి పథ్యం ఒక్కటే చాలదు. మాత్ర ఏళ్ళ తరబడి వాడవలసిందే.