గుడ్డి గుర్రానికి దాణా: ఒక సామెతలోని మేత లెక్క

‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్న సామెతను, పని చేయకపోయినా తమ వాటాకు లోటు రానివ్వనివారిని ఎత్తిపొడవడానికి వాడుతాం. ఆ ఎత్తిపొడుపు బలమంతా ‘దాణా’ అనే మాటలోనే ఉంది. ‘మేతకు తక్కువ లేదు’ అని ఉంటే సామెత పదును సగం పోయేది. అది ఎందుకో గుర్రానికి రోజుకు ఎంత పెట్టాలన్న లెక్క చెబుతుంది.

దాణా, పదార్థం

పారసీకంలో ‘దానా’ అంటే గింజ. తెలుగులోనూ గుర్రం విషయంలో దాణా అంటే గడ్డికి, చొప్పకు వేరైన గింజ ఆహారమే. నానబెట్టినవో, ఉడికించినవో ఉలవలు, సెనగలు. ఉలవకు ఇంగ్లీషులో ‘హార్స్ గ్రామ్’ అన్న పేరు ఇందువల్లనే వచ్చింది.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం మొదట గుర్రాన్ని కొలుస్తుంది, ఆ తరువాతనే దాణా చెబుతుంది. ఉత్తమాశ్వం ఛాతీ చుట్టుకొలత నూరు అంగుళాలు. దానికి రెండు ద్రోణాల ధాన్యం. మధ్యమాశ్వానికి అందులో పాతిక భాగం తగ్గుతుంది. అయితే రథానికి కట్టే మధ్యమాశ్వానికి ఉత్తమాశ్వంతో సమానంగా పెట్టాలి. ద్రోణాన్ని కిలోలలోకి మార్చే పనికంటే ఈ క్రమమే ప్రస్తుతానికి ముఖ్యం: కొలత ముందు, పని తరువాత.

లెక్క

నేటి పద్ధతి కూడా టేపుతోనే మొదలవుతుంది. ముందుకాళ్ళ వెనుక నుంచి ఛాతీ చుట్టుకొలతనూ, భుజం కొన నుంచి పిరుదు కొన వరకు పొడవునూ సెంటీమీటర్లలో తీసుకోవాలి. చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే బరువు కిలోలలో వస్తుంది. బీరంగూడలోని ఏదో ఫంక్షన్ హాలు ముందు బరాత్‌కు వచ్చిన చిన్నపాటి గుర్రానికి చుట్టుకొలత 150, పొడవు 130 అనుకుందాం. దాని బరువు దాదాపు 246 కిలోలు. రోజుకు బరువులో సుమారు రెండు శాతం పొడి ఆహారం కావాలి, అంటే 4.9 కిలోలు. ఎండుగడ్డిలోనూ పదో వంతు తేమ ఉంటుంది కనుక అది ఐదున్నర కిలోల ఎండుగడ్డికి సమానం. ముప్పాతిక వంతు నీరే ఉండే పచ్చిగడ్డి అయితే దాదాపు ఇరవై కిలోలు.

ఇక శక్తి. ఏ పనీ లేని గుర్రానికి కిలో బరువుకు 33 కిలోకేలరీలకు కొంచెం పైన, అంటే మన గుర్రానికి సుమారు 8,200 కావాలి. ఒక మోస్తరు పనికి నలభై శాతం కలిపితే 11,500 అవుతుంది. పనిచేసే గుర్రానికి అందే శక్తిలో పదింట ఏడు పాళ్ళు శరీరం నిలవడానికే పోతాయన్నమాట. చూపు పోయినా ఆ 8,200 తగ్గవు. కాని వాటిని మంచి గడ్డే సమకూర్చగలదు. దాణా ప్రధానంగా మిగిలిన 3,300 కోసం. మేత శరీరానికి, దాణా పనికి. కనుక గుడ్డి గుర్రం గడ్డి తినడంలో తప్పేమీ లేదు. పని పోయినా పని తాలూకు పద్దు కొనసాగడమే సామెత గురి. దీనిని కేవలం తిండిపోతుతనంపై విసురుగా చదివితే, గుర్రపుశాల ఎరిగినవారి సూక్ష్మత మనకు అందదు.

పని లేని రోజు దాణా వృథా కావడమే కాదు, ప్రమాదం కూడా. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో కట్టేసి ఉంచి, పూర్తి దాణా పెట్టి, శ్రావణంలో ఒక్కసారిగా ఊరేగింపుకు తీస్తే కండరాలు బిగుసుకుపోయి మూత్రం నల్లబడే జబ్బు రావచ్చు. గుర్రం పొట్ట చిన్నది. ఒకేసారి ఎక్కువ గింజలు పడితే అరగని పిండిపదార్థం పెద్దపేగులో పులిసి, కడుపునొప్పికీ గిట్టల వాపుకూ దారితీస్తుంది. అందుకే దాణాను విడతలుగా పెట్టాలి, పని ఆగిన రోజే తగ్గించాలి, గడ్డిని మాత్రం తగ్గించకూడదు.

ఇక్రిశాట్ 1972 నుంచి జొన్నపై పరిశోధిస్తున్న పటాన్‌చెరు ప్రాంతంలో చొప్ప పశువులకు పరిచితమైన మేత. పచ్చిజొన్న మేసిన గుర్రాలకు మాత్రం మూత్రాశయం దెబ్బతిని వెనుకకాళ్ళు తూలవచ్చు. ‘దాణా’ అర్థం మారడం అంతకన్నా ప్రమాదకరం. ఈనాడు దుకాణంలో దాణా అని అడిగితే పాడిపశువులదో, కోళ్ళదో మిశ్రమం చేతికి వస్తుంది. వాటిలో కొన్నింటిలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోళ్ళు తట్టుకునే మోతాదే గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి ప్రాణం తీయగలదు. గుర్రానికి కొనేవారు దాణా అని కాక, ఉలవలనో సెనగలనో గింజ పేరు చెప్పి అడగడం మంచిది.