తూర్పున తాటివనాల దారి

హైదరాబాద్‌లో సైకిలంటే పడమటి ముచ్చట. 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల ట్రాకు వేశారు. పైన సౌర పలకల కప్పు కూడా ఉంది. ఎండ తగలదు, లారీ తగలదు. దిల్‌సుఖ్‌నగర్ మనిషి దాని మీద తొక్కాలంటే మాత్రం సైకిలును కారుకు కట్టుకుని నగరం అడ్డంగా దాటాలి. ఆ తంటా పడేవాళ్లూ ఉన్నారు. నాకైతే దండగ అనిపిస్తుంది. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి రెండు గంటలు తూర్పుకు తొక్కితే ట్రాకు కాని, కప్పు లేని, హారన్ వినపడని రోడ్లున్నాయి. వాటి పక్కన గుట్టలున్నాయి, చెరువులున్నాయి, కనుచూపు మేర తాటిచెట్లున్నాయి.

గేరు సైకిలు కొన్న ప్రతివాళ్లకూ ఏదో ఒకనాడు ఇటలీ మీద మనసు పోతుంది. ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ నడుమ చియాంతి కొండలు, వాటి వాలున వరసలు తీరిన ద్రాక్షతోటలు, తోటల మధ్య మెలికలు తిరిగే తెల్లమట్టి బాటలు. గంటకో ట్రాక్టరు ఎదురైతే గొప్ప. ఆ వీడియోలు చూసి, లక్షలు కూడబెట్టి, సైకిలును పెట్టెలో సర్దుకుని వెళ్లొచ్చిన మనవాళ్లున్నారు. వెళ్లాలి కూడా. కానీ ఆ రోడ్లు అలా ఎందుకు మిగిలాయో తెలిస్తే మన తూర్పు దిక్కు కొంచెం వేరుగా కనిపిస్తుంది.

ఆ కొండలున్న టస్కనీలో మట్టిబాటల మీద తారు పడే రోజులు వచ్చినప్పుడు జాన్‌కార్లో బ్రొక్కి అనే ఆయన 1997లో గయోలె అనే చిన్న ఊళ్లో ఒక సైకిలు యాత్ర పెట్టాడు. పేరు లెరోయికా. మొదటి ఏడాది వచ్చింది 92 మంది. ఇప్పుడు దానికోసం దేశదేశాల నుంచి వేల మంది వస్తారు. సైకిలు 1987కు ముందు తయారైనదై ఉండాలి, గేరు మార్చే పుల్ల హ్యాండిలు మీద కాకుండా కింది గొట్టం మీదే ఉండాలి. దారిలో ఆగినచోట రొట్టె, కూరగాయల పులుసు, ఓ గ్లాసు వైను పోస్తారు. దాని వెనకే 2007లో స్త్రాదె బియాంకె అనే పెద్ద పందెం పుట్టింది. ప్రపంచ విజేతలు ఆ మట్టిలో దుమ్ము కొట్టుకుపోతుంటే టీవీలో చూశాక, ఆ బాటలకు తారు వేయమని అడిగే నోరు అక్కడ లేకుండా పోయింది.

అయితే ఒక్క పందెం వల్లే కొండ మిగలదు. 1716లోనే టస్కనీ ఏలిక మూడో కోసిమో ఫర్మానా ఇచ్చి చియాంతి హద్దులు గీశాడు. ఆ పేరుతో వైను అమ్మాలంటే ఆ హద్దుల్లో పండిన ద్రాక్షే కావాలి. నేటి చట్టమూ ఆ బాటలోనిదే. తోట అమ్ముకుని ఇళ్లస్థలాలు చేస్తే వచ్చేదానికన్నా తోట ఉంచుకుంటేనే లాభం. కనుక ఆ రోడ్డు మీద ట్రాక్టరు తప్ప మరొకటి నడవదు. రోడ్డు ఖాళీగా ఉండాలంటే దాని పక్క పొలం పండాలి, పండింది పేరుతో అమ్ముడుపోవాలి.

మన పందిళ్లు ఏమైనట్టు?

ద్రాక్ష మనకు కొత్తదేం కాదు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చి నాటిన తీగ నుంచే హైదరాబాద్ అనాబ్-ఎ-షాహీ పుట్టింది. పొడవాటి కాయ, లేత తేనె రంగు, లోపల గింజ. గుత్తి పట్టుకుంటే చేతికి బరువు తెలిసేది. ఇటలీలోలా వాలు మీద వరసలు కావు మనవి. రాతి కడీలు పాతి, ఇనుప తీగలు లాగి, మనిషి కింద నుంచి నడిచేంత ఎత్తున పందిరి వేసేవాళ్లు. అక్కడ చలికి తీగ నిద్రపోతుంది కనుక ఏడాదికోసారి కత్తిరిస్తారు. ఇక్కడ చలి చాలదు. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబరులో మరోసారి కాయ కోసం కత్తిరించాలి. ఫిబ్రవరి నుంచి ఎండలు ముదిరేదాకా కోతలు. ఎకరానికి ఇంత దిగుబడి ఎలా తీస్తున్నారని పైదేశాలవాళ్లు ఆశ్చర్యపోయిన కాలం ఒకటుంది.

నగరం చుట్టూ రంగారెడ్డి జిల్లాలో విస్తరించిన ఆ తోటల్ని మూడు దెబ్బలు కొట్టాయి. బూజు తెగులు ఒకటి, అడుగంటిన బోర్లు రెండోది. గింజలేని కాయ వైపు జనం నాలుక తిరగడంతో నాసిక్, సాంగ్లీ మార్కెట్‌ను ఎత్తుకుపోయాయి. అప్పటికే గజాల లెక్క మొదలైంది. ఎకరం ద్రాక్ష ఏడాదంతా తెచ్చే డబ్బు వంద గజాల ముక్క ఒక్క సంతకంతో తెచ్చేది. ఇది హైదరాబాద్‌లో పండితేనే అనాబ్-ఎ-షాహీ అని ఎవరూ హద్దు గీయలేదు మరి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. పందిళ్లు మాత్రం కాలనీలయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ నడుమ కొత్తపేటలో ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు సైతం 2021–22లో ఊరవతల బాటసింగారానికి తరలిపోయింది.

సైకిలు మనిషికి ఈ తరలింపుతో నేరుగా పనుంది. పండ్ల లారీలు ఇప్పుడు తెల్లవారుజామున విజయవాడ హైవే మీదే ఉంటాయి. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాకా ఆ రోడ్డున తొక్కడం గుండె దిటవు చేసుకుని చేసే పని. హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం పేరున్న మసీదునూ, పక్కన ఏనుగుబావినీ చూసే తీరిక కూడా ఇవ్వదు ట్రాఫిక్. అందుకే నా ఓటు సాగర్ రోడ్డుకు. బీఎన్ రెడ్డి నగర్, తుర్కయాంజాల్, బొంగ్లూరు, ఇబ్రహీంపట్నం. ఐదు లోపు బయల్దేరాలి. ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి కనుక ఏడున్నర దాటితే పసుపుపచ్చ బస్సుల దండు దిగుతుంది. ఆదివారమైతే ఆ బెడద లేదు. ఔటర్ మీదికి సైకిలును రానివ్వరు, దాని సర్వీసు రోడ్డు మీద తొక్కొచ్చు.

గౌడన్న సైకిలు

కుతుబ్‌షాహీల నాటి ఇబ్రహీంపట్నం చెరువు దాటి మంచాల వైపు మళ్లితే రోడ్డు ఒక్కసారిగా సన్నబడుతుంది. పత్తి, జొన్న, అక్కడక్కడ వరి మడి. ఆరుట్ల దాటాక రాచకొండ గుట్టలు. మన ద్రాక్షసీమ పోయిందనుకున్నాం గానీ ఇక్కడ దానికి దీటైనది ఒకటి బతికే ఉంది. చలికాలంలో ఈతకల్లు, మాఘం వచ్చాక తాటికల్లు. పొద్దున్నే గౌడన్న మోకు వేసుకుని, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కుతుంటాడు. కత్తితో గెలను సన్నగా గీసి లొట్టి మార్చి దిగుతాడు. సాయంత్రం మళ్లీ అదే చెట్టు. మునుపు సైకిలుకు రెండు పక్కలా కుండలు వేలాడదీసుకుని ఊళ్లు తిరిగేవాళ్లు. గేర్లు లేవు, హెల్మెట్ లేదు, ఈ ఎక్కుళ్లే ఎక్కేవాళ్లు. ఇప్పుడు చాలామంది టీవీఎస్ మోపెడ్ల మీదికి మారారు.

తెల్లారి దించిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి దాని మాట వేరు. వైనులా సీసాలో పోసి పదేళ్లు దాచలేరు, పక్క జిల్లాకు పంపలేరు. చెట్టు ఉన్నచోటికే మనిషి రావాలి. నగరంలో తెల్లగా కనిపించేదంతా కల్లు కాదని 2025 జులైలో కూకట్‌పల్లి కల్తీకల్లు చావులు మరోసారి చూపించాయి. కల్లు చెట్టు కొట్టాలంటే ఎక్సైజు శాఖ అనుమతి కావాలి. చట్టంలో చియాంతి హద్దుకు కొంచెం దగ్గరగా కల్లుచెట్టుకు ఉన్న అండ ఇది. అయినా వెంచరు కమాను లేచినచోట తాళ్లు ఎలా మాయమవుతాయో ఊరందరికీ తెలుసు. తొక్కి తిరిగి రావాల్సిన వాళ్లు మాత్రం ముంజలతో సరిపెట్టుకోవడం మేలు, రోడ్డు సన్నం, బ్రేకులు మీ చేతిలో ఉంటాయి.

రాచకొండ పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. సింగభూపాలుడు రసార్ణవ సుధాకరం రాసిన ఏలుబడి అది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. 2016లో పోలీసు కమిషనరేట్‌కు ఈ పేరు పెట్టాక, ఎల్బీనగర్ జనం పేరును రోజూ పలికారు కానీ ఊరిని చూసినవాళ్లు తక్కువ. కోట దగ్గరికి పోయే దారుల్లో కొన్ని ఇప్పటికీ మట్టివే. సన్న టైర్లవాళ్లు గాలి కొంచెం తగ్గించుకోవాలి, తుమ్మముల్లు కోసం అదనపు ట్యూబు పెట్టుకోవాలి.

కొత్తవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మూసీ తూర్పుకే పారుతుంది, నేల కూడా అటే వాలుతుంది. విజయవాడ రోడ్డున చౌటుప్పల్ వైపు పోయేటప్పుడు నేనింత బలవంతుణ్ణా అనిపిస్తుంది. వచ్చేటప్పుడు అసలు లెక్క తేలుతుంది. పైగా వానాకాలమంతా గాలి పడమటిదే, ఎక్కుడూ ఎదురుగాలీ కలిసి వస్తాయి. పోచంపల్లి దారి పట్టినా ఇదే కథ. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావే ముందు నూరెకరాలు దానమిచ్చిన ఊరు అది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, చియాంతిలా పేరుకు హద్దు గీసుకున్న మగ్గం అది. పొద్దున్నే ఆ వీధుల్లో సైకిలు నడిపిస్తూ పోతే ఇళ్లలోంచి మగ్గం చప్పుడు వినబడుతుంది.

రీజినల్ రింగురోడ్డు ఉత్తర భాగం చౌటుప్పల్ దగ్గరికి రాబోతోంది. దాని గీత కాగితం మీద పడగానే భూముల ధరలు లేచాయి. రెండు రింగుల నడుమ ఇరుక్కున్న ఈ పల్లెదారులు ఇంకెన్నాళ్లు ఖాళీగా ఉంటాయో చెప్పలేం. గయోలెలో చేసినట్టు ఇక్కడా ఒక యాత్ర పెట్టొచ్చు. ఫిబ్రవరిలో, తాడు దిగే రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాచకొండకు. షరతు ఒకటి: గేర్లుండకూడదు. పాలవాళ్లు, పేపరువాళ్లు, గౌడన్నలు తొక్కిన హెర్క్యులిస్, అట్లాస్, హీరో ఇనుప సైకిళ్లే రావాలి. ఆగేచోట జొన్నరొట్టె, పచ్చిపులుసు, అప్పుడే దించిన నీరా. ముందు వరసలో నడపాల్సింది మంచాల, నారాయణపురం గౌడన్నలే. దారి వాళ్లకు తెలుసు, మనకు మ్యాపు కావాలి.