మునగాకుతో వెండిరేణువులు

సూళ్లూరుపేట ప్రాంతపు సభ్యులకు వరితెగుళ్లవలనను రొయ్యల వ్యాధులవలనను కలుగు నష్టమును గూర్చి మేము వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఆకురసముతో చేసిన వెండిరేణువులు బాక్టీరియాలను నశింపజేయునని శాస్త్రజ్ఞులు కనుగొనియున్నారు. ఇందు రైతు గ్రహింపదగిన దెంతయో విచారింతము.

మీటరులో నూఱుకోట్లవ వంతు నానోమీటరు. ఒకటి మొదలు నూఱు నానోమీటర్ల వఱకు గల రేణువులు నానోరేణువులు. వెండి యెంత నలిగిన నంతగా దాని పైతలము పెరిగి, సూక్ష్మజీవులపై పనిచేయు శక్తి హెచ్చును.

వీనిని చేయు విధము సులభమే. సిల్వరు నైట్రేటు కరగించిన నీటిలో ఆకుకషాయమును కలుపుదురు. ఆకులోని పాలీఫెనాలులు మున్నగునవి కరగియున్న వెండిని మరల లోహముగా మార్చి, రేణువులు ముద్దగట్టకుండ పైపొరవలె కప్పును. ద్రవము గోధుమవన్నెకు తిరుగుటయే గుర్తు. తీక్ష్ణరసాయనములకు బదులు ఆకు పనికివచ్చుట ఈ పద్ధతియందలి మేలు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమునందలి టి. ఎన్. వి. కె. వి. ప్రసాదుగారు ఎలుమలైగారితో కూడి మునగాకుతో నిట్టి రేణువులను చేసి, కొన్ని బాక్టీరియాలపైనను శిలీంధ్రములపైనను పరీక్షించి, 2011లో ఫలితములను ప్రకటించిరి.

అయితే ప్రయోగశాలలోని గాజుపళ్లెము వేఱు, మన గుంట వేఱు. ఉప్పునీటిలోని క్లోరైడు వెండితో కలిసి దాని గుణమును మార్చును. వెండికి మంచి చెడ్డల విచక్షణ లేదు. గుంటలో అమ్మోనియాను హరించు బాక్టీరియాలను, మడిలో నత్రజనిని కూర్చు జీవులను సైతము అది బాధింపగలదు. మోతాదు మించిన చేపలకును రొయ్యలకును హాని. పైగా లోహము కుళ్లి నశించునది కాదు. గుంటలనుండి విడిచిన నీటితో కాళంగిని, పులికాటు సరస్సును చేరినచో అచ్చటి బురదలో నిలువయగును. ఆకుతో చేసినది గావున నిరపాయమనుట పొరపాటు. చేసిన విధము మాత్రమే మాఱినది, వెండి వెండియే.

కావున నానోవెండి యను పేర నెవరైన మందు తెచ్చినచో సభ్యులు మూడు ప్రశ్న లడుగవలెను. ఇది మన వంటి పొలములలో, గుంటలలో పరీక్షింపబడెనా? మోతాదెంత? ప్రభుత్వపు అనుమతి యున్నదా? వ్రాతమూలకమగు సమాధానము లేనిదే కొనరాదు. సిల్వరు నైట్రేటు చర్మమును, కన్నులను గాయపఱచును గాన ఇంట తయారుచేయ బూనుటయు తగదు. పరిశోధన మేలైనదే, పొలమున పరీక్షకు నిలిచిన పిమ్మట దానిని స్వీకరించుట మన విధి.