సెకండ్ స్ట్రీటు ఇంటిలో సాక్ష్యము నశించిన విధము

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, ఒకప్పుడు నూలుమిల్లులకు పెట్టినది పేరుగా వెలసిన ఫాల్ రివర్ పట్టణములో, సెకండ్ స్ట్రీటున పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలమున కట్టిన కొయ్యయిల్లొకటి గలదు. 2021 జనవరిలో దాని యజమానులు ఇరువది లక్షల డాలర్ల వెల చెప్పి అమ్మకమునకు పెట్టగా, ఆ యేడే దయ్యాల కథలు చెప్పుచు యాత్రికులను త్రిప్పెడి వ్యాపారసంస్థ యొకటి దానిని కొనెను. 1996 నుండియు అది యాత్రికులకు రాత్రిబసగా నడుచుచున్న యిల్లే. హత్య జరిగిన గదిలోనే పరుండవలెనని కోరి రొక్కమిచ్చి వచ్చువారు నేటికిని కలరు. హత్య జరిగిన యింటికి వెల తగ్గుట లోకసహజము. ఈ యింటికి మాత్రము హత్యయే వెల తెచ్చిపెట్టెను. అందులకు కారణము ఆ హత్యల క్రౌర్యము కాదు, అవి యెవరు చేసిరో నేటికిని తేలకపోవుటయే యని నా నమ్మకము. తేలకపోవుటకు గల హేతువులను వెదకినచో నేరపరిశోధనశాస్త్రము ఇంకను శైశవమున నున్న కాలపు చరిత్ర మన కన్నులకు గట్టును.

1892 ఆగస్టు 4వ తేదీ, గురువారము పూర్వాహ్ణమున, ఆ యింటి యజమానియగు ఆండ్రూ బోర్డెన్‌, అతని రెండవభార్య ఆబీ గొడ్డలివ్రేటులకు బలియైరి. ఆబీ మేడమీద అతిథుల గదిలో నేలపై పడియుండెను. ఆండ్రూ క్రిందిగదిలో సోఫాపై నుండెను. ఆ సమయమున ఇంటిపట్టున నున్నట్లు తెలిసినవారు ఇద్దరే: మొదటిభార్య కూతురగు ముప్పదిరెండేండ్ల అవివాహిత లిజ్జీ, ఐర్లండు దేశపు పనిమనిషి బ్రిడ్జెట్ సలివన్. పెద్దకూతురు ఎమ్మా ఊరిలో లేదు. చుట్టపుచూపుగా వచ్చిన మేనమామ ఉదయముననే బయటికి వెడలెను.

ఈ దర్యాప్తులో మెచ్చదగిన పని యేదైన నున్నచో అది మరణకాలనిర్ణయము. ప్రాణము పోయిన క్షణము నుండి దేహపు వేడిమి చుట్టునున్న గాలి వేడిమితో సమమగువరకు క్రమముగా తగ్గును. కారిన రక్తము గడ్డకట్టి నల్లబారును. కడుపులోని యన్నము జీర్ణమగుట దాదాపుగా నిలిచిపోవును. వైద్యాధికారి డోలన్ వచ్చి చూచునప్పటికి ఆండ్రూ దేహము వెచ్చగా, రక్తము ఇంకను ఊరుచుండగా, ఆబీ దేహము చల్లబడి, ఆమె రక్తము గడ్డకట్టి యుండెను. మృతుల జీర్ణకోశములను సీసాలలో భద్రపరచి హార్వర్డు విశ్వవిద్యాలయమున రసాయనాచార్యుడగు ఎడ్వర్డ్ ఉడ్‌కు పంపిరి. దంపతు లిరువురును ఆ ఉదయమున కలిసి భుజించిన వారగుటచే, ఒకే వేళ తిన్న యన్నము ఇద్దరి కడుపులలో ఎంతెంత జీర్ణమైనదో పోల్చిచూచిన, ముందెవరు మరణించిరో తెలియుట కవకాశము గలిగెను. ఆబీ తన భర్తకన్న రమారమి గంటన్నర ముందుగా మరణించెనని తేలెను. విషము జాడ కనబడలేదు.

ఈ గంటన్నర చిన్నవిషయము కాదు. బయటినుండి వచ్చిన హంతకుడే యైనచో, ఇద్దరు స్త్రీలు తిరుగుచున్న ఆ యిరుకింటిలో అంతసేపు ఎవరికంటను పడక దాగియుండవలెను. భార్య ముందు మరణించుటచే ఆండ్రూ ఆస్తి ఆమె బంధువులకు పోక కూతుండ్రకే చెందెను. అనుమానము లిజ్జీ వైపునకు తిరుగుట కిది యొక కారణము. అయినను ఒక్కమాట చెప్పవలసియున్నది: జీర్ణక్రియ అందరిలోను ఒకే వేగమున సాగదు, భయము, జబ్బు దానిని మందగింపజేయును, ఆ కుటుంబమువారు అంతకు ముందురోజులలో వాంతులతో బాధపడియుండిరి కూడను. కాబట్టి జీర్ణకోశ మొక్కదానినే నమ్మి నేటి వైద్యులు కాలము నిర్ణయింపరు.

ఇక తక్కిన దర్యాప్తు సంగతి తలచుకొన్నచో మనసు కలతపడును. ఆనాడు పట్టణపు పోలీసులలో పెక్కుమంది తమ వార్షిక విహారమునకై రోడ్ ఐలండులోని రాకీ పాయింటునకు వెళ్లియుండిరి. మొదట వచ్చిన పోలీసు సోఫాపైనున్న శవమును చూచి, దారినిపోవు నొక రంగులువేయు పనివానిని తలుపుకడ కాపలా నిలిపి, వార్త చెప్పుటకై స్టేషనునకు మరలిపోయెను. వైద్యులు, ఇరుగుపొరుగువారు లోనికి వచ్చుచు పోవుచుండిరి. శవపరీక్ష ఆ యింటి భోజనశాలలోనే జరిగెను. లిజ్జీ గదిని, ఆమె ఒంటబాగులేదనుటచే, పైపైన చూచి వదలిరి. ఇల్లంతయు గాలించుట శనివారమునకు గాని జరుగలేదు. నేలగదిలో రక్తపుగుడ్డలు నానవేసిన బాల్చీ కనబడెను. అవి బహిష్టుగుడ్డలని వినినంతనే సిగ్గుపడి దానిని ముట్టకుండిరి. శనివారము సాయంకాలమున నగరపు మేయరు, అనుమానము నీపైననే యని లిజ్జీకి తెలియజెప్పెను. ఆదివారము ఉదయమున ఆమె తన గౌను నొకదానిని వంటింటి పొయ్యిలో కాల్చివేసెను. ఆమె స్నేహితురాలు ఆలిస్ రస్సెల్ ఆమె గౌనుతో పొయ్యికడ నిలిచియుండుటను చూచెను. ఆ గౌనుకు రంగు అంటినదని లిజ్జీ పక్షమువారు చెప్పిరి, కావచ్చును. ఆ మాట నిజమో కాదో తేల్చగల వస్తువు బూడిదయైన పిదప ఎవరేమి చెప్పినను ఒక్కటే.

నేలగదిలో దొరకిన గొడ్డళ్లను ఉడ్ ఆచార్యుడు సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఒకదాని కంటియున్న వెండ్రుక పశువుదిగా తేలెను; మనుష్యరక్త మెందునను లేదు. వానిలో పిడివిరిగియున్న గొడ్డలి నొకదానిని పిడి విరుగకముందే కడిగియుండవచ్చునని మాత్ర మాయన యొప్పుకొనెను. లిజ్జీ లోపావడాపై గుండుసూది తలయంత రక్తపుచుక్క యొకటి యుండెను. నాటికి మనుష్యరక్తమును జంతురక్తమునుండి వేరుచేయుటకు ఎర్రకణముల వ్యాసమును కొలుచుట తప్ప వేరు మార్గము లేదు. మనుష్యుని కణము ఏడెనిమిది మైక్రానులు. ఆవుకణ మంతకన్న చిన్నది. కాని కుక్కకణము మనకణమునకు మిక్కిలి దగ్గరి పరిమాణముగలది, పైగా ఎండిన కణము ముడుచుకొనును. కాబట్టి ‘మనుష్యరక్తమై యుండవచ్చును’ అనుట తప్ప నిజాయితీగల శాస్త్రజ్ఞుడు మరేమియు అనలేడు. 1901లో జర్మనీలో ఉలెన్‌హుట్ ఈ చిక్కును విప్పెను: కుందేటికి మనుష్యరక్తము నెక్కించినచో దాని రక్తరసమున ఒక ప్రతిద్రవ్యము పుట్టును; ఆ రసము ఎండిన మరకతో కలిసినపుడు, మరక మనుష్యునిదే యైనచో, మడ్డివలె తెల్లని తెర యేర్పడును. అదే కాలమున లాండ్‌స్టైనర్ రక్తవర్గములను కనుగొనెను. ఫాల్ రివర్‌కు తొమ్మిదేండ్లు ఆలస్యమయ్యెను.

వేలిముద్రల సంగతి ఇంకను విచారకరము. లిజ్జీ యింటి హత్యలకు అయిదువారముల ముందు, అర్జెంటీనాలోని నెకోచియాలో ఇద్దరు పసిబిడ్డలు హత్యకు గురియైరి. తల్లి ఫ్రాన్సిస్కా రోహాస్ పొరుగువానిపై నేరము మోపగా, పోలీసులు వానిని హింసించిరి. వాడు నేర మొప్పుకొనలేదు. తరువాత ఇన్‌స్పెక్టరు ఆల్వరెజ్ తలుపుపైనున్న రక్తపు బొటనవ్రేలి ముద్రను చెక్కతోసహా కోసి తెప్పించి పోల్చగా అది తల్లిదే యని తేలెను; ఆమె నేర మొప్పుకొనెను. కలకత్తాలో 1897లో వేలిముద్రల కార్యాలయ మేర్పడినపుడు, ముద్రలను సూత్రబద్ధముగా వర్గీకరించు పద్ధతిని తీర్చిదిద్దుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు చేసిన కృషి భారతీయులకు గర్వకారణము. అయినను ఆ పద్ధతికి పైయధికారి హెన్రీ పేరే నిలిచిపోయినది. ఫాల్ రివర్‌లో మాత్రము ముద్రలు చెడునను జాగ్రత్త లేక గొడ్డళ్లను ఎందరో చేతబట్టి త్రిప్పిచూచిరి.

1893 జూన్‌లో న్యూ బెడ్‌ఫర్డ్‌న లిజ్జీపై హత్యానేరమునకు విచారణ జరిగెను. పిడివిరిగిన గొడ్డలి దొరకిన పెట్టెలోనే పిడిముక్కయు నున్నదని ఒక పోలీసు చెప్పగా, లేదని మరియొకడు చెప్పెను. వకీలు లేకుండ లిజ్జీ యిచ్చిన వాఙ్మూలమును న్యాయమూర్తులు స్వీకరింపలేదు. ఆమె ప్రూసిక్ ఆమ్లమును కొనబోయెనన్న మందులషాపు ఉద్యోగి సాక్ష్యమును సయితము త్రోసిపుచ్చిరి. గంటన్నరలో జ్యూరీ ఆమెను నిర్దోషియని తేల్చెను.

ఆ తీర్పు న్యాయమైనదే యని నా నిశ్చయము. సాక్ష్యము లేనిచోట ఒక స్త్రీని ఉరికంబ మెక్కింప నొల్లని ఆ పన్నిద్దరు తమ విధిని నెరవేర్చిరి. తప్పినవారు, ఆగస్టు 4 మొదలు 7 వరకు ఆ యింటిని కాపాడవలసినవారు. లిజ్జీ అదే పట్టణమున జీవించి 1927 జూన్ 1న మరణించెను. ఆ హత్యలకై మరియెవ్వరిని న్యాయస్థానమున నిలువబెట్టలేదు.