వేన్నీళ్ళ తొట్టి ఎందుకు ఎర్రబడుతుంది?



చలికాలం వచ్చింది. హాస్టల్ వెనక వేన్నీళ్ళ తొట్టి కింద మంట మళ్ళీ మొదలైంది. దాంతోపాటు పాత గొడవ కూడా మొదలైంది. బోరింగు కొట్టేటప్పుడు నీళ్ళు తేటగా ఉంటాయి. తొట్టిలో పోసి కాస్తే గంట తిరక్కుండా టీ డికాషను రంగుకి వస్తాయి. తెల్లారేసరికి అడుగున ఎర్ర మడ్డి పేరుకుంటుంది.

6వ తరగతి పిల్లలు అది రక్తం అని ఒకరినొకరు భయపెట్టుకుంటున్నారు. కొందరు తొట్టి సరిగ్గా కడగలేదని కమాటి అన్న మీద పెడుతున్నారు. కొందరు అంతా బ్లీచింగ్ పౌడరు వల్లే అంటున్నారు. ఏదైతేనేం, సగం మంది తువ్వాలు భుజాన వేసుకుని గెడ్డకి పోతున్నారు. స్నానంతో ఆగితే ఫరవాలేదు, అక్కడే దోసిళ్ళతో తాగేసి వస్తున్నారు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఆ ఎరుపు ఇనుము. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయిని భూగర్భ శాస్త్రంలో ఖొండలైటు అంటారు. ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ పేరు పెట్టారు. మనవాళ్ళ పేరు రాళ్ళ పుస్తకాల్లోకి ఎక్కిందన్నమాట! ఆ రాతిలో గార్నెట్ అనే ఎర్రని రవ్వలుంటాయి. వాటిలో ఇనుము ఉంటుంది. రాయి చివికి మట్టి అయినప్పుడు ఆ ఇనుము మట్టిలోకి వస్తుంది. మన కొండ మట్టి ఎర్రగా ఉండేది అందుకే.

వాన నీరు కుళ్ళిన ఆకుల్లోంచి, మట్టిలోంచి లోపలికి దిగేటప్పుడు అందులోని ఆక్సిజన్ ఖర్చయిపోతుంది, కార్బన్ డయాక్సైడు చేరుతుంది. అలాంటి నీరు ఇనుమును కరిగించుకుంటుంది. కరిగిన ఈ ఇనుమును ఫెర్రస్ రూపం అంటారు. ఉప్పు కరిగిన నీళ్ళలాగే ఇదీ కంటికి కనపడదు. బోరింగులోంచి పైకి వచ్చి గాలి తగలగానే అది ఫెర్రిక్ రూపంలోకి మారుతుంది. ఫెర్రిక్ నీళ్ళలో కరగదు. సన్నటి తుప్పు నలుసులై విడిపోతుంది. మనకు కనిపించే ఎరుపు ఇదే.

మరి బకెట్లో రాత్రంతా పట్టే పని తొట్టిలో గంటలో ఎలా అవుతుంది? వేడికి ఈ మార్పు త్వరగా జరుగుతుంది. పైగా నీళ్ళు కాగేటప్పుడు కార్బన్ డయాక్సైడు బయటికి పోతుంది. దాంతో నీళ్ళలో ఆమ్లగుణం తగ్గుతుంది. ఆమ్లగుణం తగ్గేకొద్దీ ఇనుము ఇంకా తొందరగా తుప్పు అవుతుంది. తొట్టి కొత్తగా రంగు పుట్టించడం లేదు. లోపల దాగిన దాన్ని బయట పెడుతోంది, అంతే.

గెడ్డ నీళ్ళు ఎందుకు ఎర్రగా లేవని మా బెంచీ వాళ్ళు అడిగారు. మంచి ప్రశ్న. గెడ్డ రాళ్ళ మీద ఎగిరి దూకి వస్తుంది కదా, దారి పొడుగునా గాలి తగులుతుంది. ఇనుమేదైనా ఉంటే దారిలోనే రాళ్ళకి అంటుకుపోతుంది. గట్టు పక్కన ఊట వచ్చేచోట చూడండి, ఎర్రటి జిగురు మడ్డి ఉంటుంది. అదీ ఇదీ ఒకటే. ఆ ఊట మీద ఒక్కోసారి కిరసనాయిలు పోసినట్టు రంగుల పొర తేలుతుంది. పుల్లతో కదిపి చూడండి. పెంకుల్లా ముక్కలైతే అది ఇనుము మీద బతికే బ్యాక్టీరియా కట్టిన పొర. మళ్ళీ కలిసిపోతే నూనె.

ఇనుము భూమిలోంచే వస్తోందా, పైపులోంచా, తొట్టిలోంచా అన్నది కూడా తేల్చుకోవాలి. పైపు తుప్పు అయితే పొద్దున్న కొట్టిన మొదటి బకెట్లు అప్పటికే ఎర్రగా వస్తాయి, కొట్టగా కొట్టగా తేటపడతాయి. ఇండియా మార్క్ 2 బోరింగుల్లో జి.ఐ. పైపులు తుప్పు పట్టి ఇలా చాలాచోట్ల జరిగింది. మన దాంట్లో మొదటి బకెట్టూ తేటే, ఇరవయ్యో బకెట్టూ తేటే. నిలవ ఉంటేనే ఎరుపు. ఇక తొట్టి సంగతి. వంటగదిలో అడిగి తెచ్చిన స్టీలు గిన్నెలో బోరు నీళ్ళు కాచాను. అవీ ఎర్రబడ్డాయి. కాబట్టి తప్పు తొట్టిది కాదు, కమాటి అన్నది అసలే కాదు.

ఇంకో పరీక్ష కూడా చేశాను. ఒక గ్లాసులో వాన నీళ్ళు, ఒక గ్లాసులో అప్పుడే కొట్టిన బోరు నీళ్ళు పోసి, రెండిట్లో చిటికెడు కరక్కాయ పొడి వేశాను. వాన నీళ్ళు పసుపుగా ఉన్నాయి. బోరు నీళ్ళు నల్లబడ్డాయి. పూర్వం కరక్కాయ కషాయంలో ఇనుము కలిపి సిరా చేసుకునేవారు. మన గ్లాసులో జరిగింది కూడా అదే. మీ ఊళ్ళో టీ నల్లగా అవుతోందంటే నీళ్ళలో ఇనుము ఉందేమో చూసుకోండి.

ఇప్పుడు బ్లీచింగ్ పౌడరు విషయం. అది వేసిన వెంటనే నీళ్ళు ఎర్రబడుతున్న మాట నిజమే. గాలి నెమ్మదిగా చేసే పనిని క్లోరిన్ క్షణాల్లో చేస్తుంది. అయితే ఇక్కడొక చిక్కుంది. లీటరు నీళ్ళలో 3 మిల్లీగ్రాముల ఇనుము ఉందనుకుందాం. దాన్ని మార్చడానికే సుమారు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఖర్చయిపోతుంది. తాగే నీళ్ళలో సూక్ష్మజీవుల కోసం కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. మామూలు కొలతే వేస్తే అదంతా ఇనుమే తినేస్తుంది, మిగిలేది సున్న. అందుకని తాగే నీళ్ళ ట్యాంకుకి ముందు ఇనుము తీసి, తరవాత బ్లీచింగ్ వేయాలి. కాగే తొట్టిలో బ్లీచింగ్ వేయడం దండగ, వేడికి క్లోరిన్ పోతుంది.

ఎర్రనీళ్ళతో స్నానం చేస్తే ఒంటికి హాని లేదు. లీటరుకి 0.3 మిల్లీగ్రాము దాటిందంటే బట్టలకీ, గిన్నెలకీ మరకలవుతాయి, రుచి కూడా మారుతుంది. ఇబ్బంది ఎక్కువగా ఇదే. అలాగని ఈ నీళ్ళు తాగితే రక్తం పడుతుందని, వారం వారం ఇచ్చే నీలం మాత్ర మానేయొచ్చని అనుకోవద్దు. తుప్పుగా మారిన ఇనుము ఒంటికి పెద్దగా పట్టదు.

గెడ్డ నీళ్ళలో మాత్రం పై ఊళ్ళ పశువులు దిగుతాయి, బహిర్భూమికి వెళ్ళినవాళ్ళు అక్కడే కడుక్కుంటారు. విరోచనాలు, టైఫాయిడు, పచ్చకామెర్లు తెచ్చే క్రిములకి రంగు ఉండదు. నల్గొండ జిల్లాలో ఎముకలు వంచిన ఫ్లోరైడు నీళ్ళు కూడా చూడ్డానికి తేటగానే ఉండేవి. ఎర్రనీళ్ళని చూసి పారిపోయి తేటనీళ్ళని నమ్మడం నాకైతే తలకిందుల పనిలా కనిపిస్తోంది.

చేయాల్సిన పని కష్టమైందేమీ కాదు. నీళ్ళకి ముందు గాలి పట్టించాలి. మేకుతో చిల్లులు పొడిచిన రేకు డబ్బాలోంచి మనిషెత్తు నుంచి జల్లులా డ్రమ్ములో పడనివ్వాలి. రాత్రంతా కదపకుండా ఉంచాలి. డ్రమ్ముకి అడుగున కాకుండా జానెడు ఎత్తులో కుళాయి ఉండాలి, అప్పుడు మడ్డి కింద ఉండిపోతుంది. ఆ పైనీళ్ళని ఇంకో డ్రమ్ములో కింద గులకరాళ్ళు, పైన మూరెడు మందం ఇసుక వేసి వడకట్టాలి. అస్సాం పల్లెల్లో ఇళ్ళల్లోనే ఇలా ఇసుక, బొగ్గు వేసి ఇనుము నీళ్ళు వడకట్టుకుంటారు. వడకట్టిన నీళ్ళే తొట్టిలో పోసి కాస్తే రంగు చాలావరకు రాదు. ఇసుక పై పొర ఎర్రబడి నీళ్ళు నెమ్మదిగా దిగుతున్నాయంటే దాన్ని తీసి కడగాలి. కడగకపోతే ఆ వడపోత ఎందుకూ పనికిరాదు.

అది తయారయ్యేదాకా తొట్టిని కెలకకుండా చెంబుతో పైనుంచి తోడుకోండి. తెల్ల యూనిఫాం మీద పడిన ఎర్ర మరకకి బ్లీచింగ్ వాడొద్దు, మరక ఇంకా పట్టేస్తుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి తరవాత ఉతకండి.

వార్డెన్ గారికి మనవి: స్టోర్ రూమ్ వెనక రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. ఒక కుళాయి కొనిపెడితే చాలు. ఇసుక మేమే మోసుకొస్తాం. దాన్ని కడిగే వంతు ఆదివారం ఆదివారం 9వ తరగతి వాళ్ళం తీసుకుంటాం.